ఐస్ ఫ్యాక్టరీ గోడ మీద పీత

ఏప్రిల్ 15, 2025

నా కూతురు నా గురించి పుస్తకం రాస్తోంది. రాసేది నా గురించేనని దానికి తెలియదు.

ఈ ముక్క ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను. మా ఆవిడ ఎవాంజలిన్‌కి చెప్పాను. "నీ కడుపు ఎప్పుడూ ఉబ్బే ఉంటాది" అని డ్యూటీకి వెళ్లిపోయింది. సీతమ్మధార క్లినిక్‌లో నర్సు. మొగుడి జబ్బు దానికి జబ్బు కింద లెక్కలోకి రాదు. అందుకే ఈ పాత డైరీ తీశాను. పెయింటు కంపెనీవాడు ఎప్పుడో ఇచ్చింది. అందులో ఉన్న తేదీలు కొట్టేసి నావి వేసుకుంటాను.

ఇవాళ్టి నుంచి వేట బంద్. అరవై ఒక్క రోజులు బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. నా కూతురు అక్సా పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకి వెళ్లి ఫొటోలు తీసుకొచ్చింది. సాయంత్రం అన్నం దగ్గర ప్రకటించింది. యూనివర్సిటీలో బొమ్మల కోర్సు ఆఖరి సంవత్సరం కదా, థీసిస్ రాయాలి. 'పీత' మీద రాస్తుందట. ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి గోడల మీద పీతల్ని గీస్తున్న, పేరూ మొహమూ తెలియని మనిషి జీవితమూ పనీ.

"గోడలు పాడుసేసీవోడి మీద డిగ్రీ ఏటే?" అన్నాను.

"నాన్నా, ఆయన్ని వాడూ వీడూ అనకు."

ఆయన! కంచంలోకి తల వంచుకున్నాను. నవ్వు కనపడితే కష్టం.

ఏప్రిల్ 17

అక్సా నన్ను ఇంటర్వ్యూ చేసింది. పీతని కాదు, పాతకాలం సైన్‌బోర్డు పెయింటరు రత్నరాజుని. ఫోన్ ముందు పెట్టి, "మీ పేరు?" అంది.

"నీకు తెల్దేటే?"

"నాన్నా, పద్ధతిగా చెప్పు."

పద్ధతిగానే చెప్పాను. పదో తరగతి రెండుసార్లు తప్పడం, పదిహేడేళ్లకి బ్రష్షు పట్టడం, ఈ ఊళ్లో సగం కిరాణా కొట్లకీ, మూడు చర్చిలకీ, ఒక బ్రాందీ షాపుకీ నేనే బోర్డు రాయడం. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. పది రోజుల పని పది నిమిషాల్లో మిషను కక్కేస్తోంది. పెయింటర్లలో కొందరు ఆటో కొన్నారు, కొందరు తాగి పోయారు. నేను ఆటోనగర్లో లారీల వెనక అక్షరాలు రాసుకుంటున్నాను.

చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. 2003లో ఆ కడుపు మంటతోనే బోట్లకి వేయగా మిగిలిన రంగు డబ్బా పట్టుకుని హార్బరులో ఐస్ ఫ్యాక్టరీ గోడ దగ్గరికి వెళ్లాను. మనిషంత ఎర్ర పీతని గీశాను. ఒక డెక్కలో బ్రష్షు, ఇంకో డెక్కతో ఫ్లెక్సీని కత్తిరిస్తోంది. పట్టపగలు, పొద్దున్న ఏడింటికి. జనం అనుకుంటారు, ఇలాంటివాళ్లు దొంగల్లా నక్కి నక్కి గీస్తారని. నేను ఒక్కనాడూ నక్కలేదు. నిచ్చెన, బకెట్టు, మాసిన చొక్కా ఉంటే చాలు. నిచ్చెనెక్కినవాడిని ఈ దేశంలో ఎవడూ ఏమీ అడగడు. పోలీసాయన ఒకసారి నా నిచ్చెన కూడా పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆగిందెక్కడ! స్టీల్ ప్లాంటు రోడ్డులో హెల్మెట్ పెట్టుకుని క్యారియర్ పట్టుకున్న పీత. షిఫ్టు దిగినవాళ్లు దానికి నమస్కారం పెట్టి వెళ్లేవారు. బొగ్గు దుమ్ము పట్టిన నల్లగోడ మీద తడిగుడ్డతో తుడిచి గీసిన పీత. రంగు చుక్క వాడలేదు. గోడ కడిగినందుకు ఎవడి మీద కేసు పెడతారు? ఇక గాజువాక అవతల బస్సు ఆగని చోట గోడ మీద గీసిన బస్‌స్టాపు, బల్ల మీద కూర్చుని వాచీ చూసుకుంటున్న పీత. నెల తిరక్కుండా జనం అక్కడ నిలబడడం మొదలెట్టారు. మూడు నెలలకి బస్సు ఆగడం మొదలెట్టింది. ఇప్పటికీ ఆగుతోంది. ఏ ఎమ్మెల్యే చేయించగలడు?

"ఈ పీత ఆర్టిస్టు కచ్చితంగా పెద్ద ఆర్ట్ కాలేజీలో చదివినవాడే నాన్నా," అంది ఆఖర్న.

"అంతే అయ్యుంటాది," అన్నాను.

ఏప్రిల్ 18

గుడ్ ఫ్రైడే. మూడు గంటల ఆరాధనలో పాటల పుస్తకం వెనక అట్ట మీద పీతని గీశాను. ఎవాంజలిన్ తొడ మీద గిల్లింది. ఇంకా ఎర్రగానే ఉంది.

ఏప్రిల్ 21

ఇవాళ అక్సా గదిలో నేల మీద నా బొమ్మలన్నీ పరిచి ఉన్నాయి. నూట నలభై ఫొటోలు. నా దగ్గర కూడా అన్ని లేవు. చూస్తే ఛాతీ ఇంత అయింది.

"నాన్నా, ఒక రహస్యం కనిపెట్టాను. వీటిని గీసింది ఒకడు కాదు, ఇద్దరు."

"ఏటీ?"

"2014 తుఫాను ముందు ఒకరు, తర్వాత ఇంకొకరు. ఈ గీత చూడు. బరువుగా మొదలై తేలిగ్గా జారిపోతుంది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు ఇది చూడు. భయంభయంగా మొదలై చివర్లో ఒత్తుతుంది. మొదటాయన మానేశాడో, పోయాడో. రెండోవాడు ఆయన పేరు మీద బతుకుతున్నాడు. దొంగ."

"మరీ అంత బాగోనేవేటి రెండోడివి?"

"బాగోలేకపోవడం కాదు నాన్నా. ప్రతి గీతలోనూ భయం ఉంది."

ఆ హుద్‌హుద్ తుఫాను రోజు నేను రాసిన రేకు బోర్డే ఎగిరొచ్చి నా కుడి మణికట్టు మీద పడింది. రెండు ఆపరేషన్లు. మూడు వేళ్లు ఇప్పటికీ మడత పడవు. నలభై రెండేళ్ల వయసులో తలుపేసుకుని ఎడమచేత్తో అ ఆలు దిద్దుకున్నాను. అప్పుడు అక్సాకి పదమూడేళ్లు. నాన్నకి చెయ్యి విరిగిందని గుర్తుంది. ఆ చేతిలో ఏముండేదో దానికి తెలియదు.

దొంగట.

ఏప్రిల్ 22

నాకేం బాధ లేదు.

ఏప్రిల్ 23

లేదని నిన్ననే రాశాను.

ఏప్రిల్ 25

హార్బరుకి వెళ్లాను. సూరన్న బోటు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నా పీత సంగతి ఎవాంజలిన్ కాక తెలిసినవాడు వీడొక్కడే. మొట్టమొదటి రంగు డబ్బా వీడిదే.

"బావా, రేపు నా కూతురొస్తాది. మొదటి పీత తుఫానులో పోనాడని సెప్పు."

"పోనాడేటి? నా ముందర కూకొని బజ్జీలు తింతన్నాడు కదా."

"సరదాకి బావా."

"సదువుకున్న గుంట. నమ్ముతాదేటి?"

"నువ్వు ఏడిస్తే నమ్ముతాది."

సరదాకే. చచ్చినవాడి కథ మూసేస్తే బతికున్నవాడిని అది కాస్త మర్యాదగా చూస్తుందని కాదు. సరదాకే.

ఏప్రిల్ 26

సూరన్న ఏడవమంటే ఏడిచాడు, ఆపమంటే ఆపలేదట. "తుఫాను నాడు బోటు కట్టడానికి ఎల్లినోడు మరి రానేదమ్మా. పేరు అడక్కు, నా నోట రాదు" అన్నాడట. అక్సా కళ్లు వాచిపోయి ఇంటికి వచ్చింది. అన్నం తినలేదు. నేను పోయినందుకు నా కూతురు ఎలా ఏడుస్తుందో బతికుండగానే చూశాను. బాగానే ఏడుస్తుంది.

ఎవాంజలిన్ నా కంచంలో కూర వేయలేదు.

మే 2

అక్సా పరిగెత్తుకుంటూ వచ్చింది.

"నాన్నా, దొరికాడు! తుఫాను రోజు హార్బరులో కనపడకుండా పోయింది ఒక్కడే. నాగబాబు. అప్పటికి ముప్పై ఏళ్లు. తాడు తెగిన బోటుని కట్టడానికి వెళ్లాడట. మనిషి దొరకలేదు. వాళ్లమ్మ మహాలక్ష్మమ్మ చేపలమ్ముతుంది."

నోట్లో టీ నోట్లోనే ఉంది.

"ఆవిడతో మాట్లాడీసినావా?"

"మాట్లాడాను. మీ అబ్బాయి చాలా గొప్ప కళాకారుడమ్మా, ఈ ఊరంతా ఆయన బొమ్మలే అని చెప్పాను. నా మొహంలోకే చూసింది నాన్నా. తర్వాత, 'మా ఓడా?' అంది. అంతే."

బోటు కట్టడానికి వెళ్లాడని సూరన్న వెధవ ఎక్కడి నుంచో ఊహించి చెప్పలేదు. తెలిసిన కథనే ఏడుపుకి వాడుకున్నాడు. వాడిని అనడమెందుకు, ఏడవమన్నది నేను.

మే 3

సూరన్న నా ఫోన్ ఎత్తడం లేదు. వాడు చేస్తే నేనూ ఎత్తడం లేదు.

మే 7

ఐస్ ఫ్యాక్టరీ గోడ దగ్గరికి వెళ్లాను. నా పీత పాదాల దగ్గర బంతిపూలు. నుదుటి మీద కుంకుమ. పీతకి నుదురు ఎక్కడ ఉంటుందో వాళ్లే నిర్ణయించేసుకున్నారు. మహాలక్ష్మమ్మ ఖాళీ గంప బోర్లించుకుని దాని మీద కూర్చుంది. పక్కన నలుగురు ఆడవాళ్లు. వేట లేదు కదా, అందరికీ తీరికే.

బైటి ఊరి వాళ్లెవరో ఫొటో తీసుకుంటుంటే ఆ నలుగురిలో ఒకావిడ గర్వంగా చెబుతోంది, "ఇది మా మాలచ్చమ్మ కొడుకు గీసినాడు. మా నాగబాబు."

నేను పక్కనే నిలబడ్డాను. నిచ్చెన లేకపోయినా నేను ఎవరికీ కనపడను.

ఇరవై రెండేళ్లు. గాజువాక కుర్రాళ్లు నన్ను చూసి గీయడం నేర్చుకున్నారు. కాకినాడలో, హైదరాబాదులో నా పీతని చొక్కాల మీద అచ్చేసుకుంటున్నారు. అంతా కలిపి నాగబాబు గంపలో పోసి వచ్చాను. నాగబాబు ఎవడు? వాడికి బ్రష్షు ఏ వైపు పట్టుకోవాలో తెలుసా?

ఇలా రాసినందుకు సిగ్గుగా ఉంది. కొట్టేయను. ఉండనీ.

మే 10

అక్సా గైడు భీమశంకరరావు మాస్టారు మహా సంబరపడుతున్నారట. బంద్ ఆఖరి రోజు జూన్ 14న ఆ గోడ దగ్గరే సభ పెడతారట. అక్సా థీసిస్ చదవడం, కళాకారుడి తల్లికి శాలువా.

ఎవాంజలిన్ గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండా అంది, "దాని పేరు కింద అబద్ధం అచ్చవుతాది. రేపు ఎవరో కనిపెడితే నవ్వేది నిన్ను చూసి కాదు. నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

మే 13

చెప్పాను.

"అక్సా, ఆ పీత నానే."

పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక, "చిన్నప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండకి ముక్కు నువ్వే చెక్కానన్నావు. నేను స్కూల్లో టీచరుకి చెప్పి తన్నులు తిన్నాను. గుర్తుందా?" అంది.

"అది అబద్ధం. ఇది నిజం."

"రెండేళ్ల క్రితం నీకు పెద్ద జబ్బని సూరన్న మావయ్య చేత ఫోన్ చేయించావు. పుట్టినరోజు కేకు కోసం."

"అదీ అబద్ధమే. ఇది..."

పెన్సిలు ఇచ్చింది. "గియ్యి."

గీశాను. ఎడమచేత్తో, ఒక్క ఊపులో. చూస్తూ చూస్తూ నవ్వు మానేసింది. దాని మొహం తెల్లబోయింది.

"నాన్నా. అయితే ఆ రెండోవాడివి నువ్వా?"

"రెండోవోడినీ నానే, మొదటోడినీ నానే."

"మొదటాయన గీత నీకు రాదు. ఇదిగో నీ గీత. భయం." కాగితం పక్కన పెట్టింది. "పోయినవాడి పేరు మీద ఇన్నాళ్లూ గీస్తున్నావన్నమాట. ఇప్పుడు ఆయన్ని కూడా నువ్వే అంటున్నావు. వాళ్లమ్మ మొహం ఎలా చూడను నేను?"

సూరన్నని పిలిపించాను. వాడు వచ్చి గుమ్మంలోనే మొదలెట్టాడు, "నిజం అమ్మా, మీ నాన్నే. నాను ఆ రోజు అబద్ధమాడినాను."

"ఆ రోజు కన్నీళ్లు కూడా పెట్టుకున్నావు కదా మావయ్యా."

"అవి నిజం కన్నీళ్లే. నాగబాబుని తలుసుకున్నాను."

"అంటే నాగబాబే కదా!"

సూరన్న నా వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూశాను. అక్సా గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఎవాంజలిన్ సాక్ష్యం చెప్పబోతే, "నువ్వు నాన్న పెళ్లానివి అమ్మా" అని లోపలి నుంచే కొట్టేసింది.

ముప్పై ఏళ్లుగా ఊరందరినీ ఆటపట్టించిన ఘనుడికి, ఒక్క నిజం అమ్ముడుపోలేదు.

మే 18

ఆదివారం. చర్చి ఎగ్గొట్టి ఆటోనగర్ వెళ్లాను. షెడ్డు వెనక గోడ మీద కుడిచేతికి బ్రష్షు గుడ్డతో కట్టుకుని పీతని గీయబోయాను. ఐదుసార్లు గీశాను. ఐదూ పీతలు కావు. లారీ కింద పడ్డ పీతలు కూడా కావు.

నా మంచి బొమ్మలు నావేనని చెప్పడానికి ఆ చెయ్యి ఒక్కటే సాక్షి. అది మూగది అయిపోయింది.

సున్నం కొట్టేసి వచ్చాను.

మే 27

ఇవాళ మహాలక్ష్మమ్మ ఆటోనగర్ వచ్చింది. రెండు బస్సులు మారి. నేను లారీ వెనక తలుపుకి పువ్వు గీస్తున్నాను. చీర చెంగుతో మొహం తుడుచుకుని టైరు మీద కూర్చుంది.

"రత్నరాజంటే నువ్వే కదేటి?"

"నానే పెద్దమ్మా."

"సూరన్నని అడిగి వచ్చినాను, నీతో మాట ఉన్నాది. మా ఓడు పీతలు గీయనేదు బాబూ. ఆడికి తిన్నగా సంతకమే రాదు. బ్యాంకులో ఏలుముద్రేసీవోడు."

బ్రష్షు డబ్బాలో పెట్టేశాను.

"గీసింది నువ్వు," అంది.

"నీకెలా తెలుసు?"

"ఒరే, పొద్దున్న సేపల వేలంపాటకి మేం మూడింటికే వచ్చీవోళ్లం. నువ్వు ఏడింటికి నిచ్చెనేసుకుని వచ్చీవోడివి. వంద మందిమి ఆడోళ్లం, కళ్లు నేవనుకున్నావేటి? నిచ్చెన మీద నువ్వు పాటలు కూడా పాడీవోడివి. దరిద్రంగా పాడీవోడివి."

"మరి ఎవులికీ సెప్పనేదేటి?"

"నువ్వు దాసుకుంటన్నావు కదాని ఊరుకున్నాం. ముచ్చటపడతన్నాడు, పడనీ అనుకున్నాం."

ఇరవై రెండేళ్ల నా రహస్యం హార్బరు మొత్తానికి తెలుసు. వాళ్లు నా మీద జాలిపడి తెలియనట్టు నటించారు. ఇంత పెద్ద వేషం నేనెప్పుడూ వేయలేదు. వేసినవాళ్లకి చేతులెత్తి మొక్కాలి.

"తెలిసి మరి నా కూతురికి కాదని సెప్పనేదేం పెద్దమ్మా?"

లారీ చక్రం వైపు తిరిగి చెప్పింది.

"పదకొండేళ్లయిందయ్యా. ఆడి పేరు నా ముందర ఎవులూ అనరు. నానేడుస్తానని బయం. పక్కింటోళ్ల మనవడికి నాగబాబని పెట్టుకుని, నానెళ్తే చిన్నోడా అని పిలుస్తారు. నీ కూతురొచ్చినాక చూడు, రోజూ పదిమంది. నాగబాబు, నాగబాబు, మా నాగబాబు. సెవులకి సల్లగా ఉన్నాది. ఇంకొన్నాళ్లు అననీ అనుకున్నాను. తెలిసిన ఆడోళ్లూ నా మొకం సూసి ఊరుకున్నారు. నీ బొమ్మ దొంగిలించినట్టే అయినాది. తప్పే."

ఏమనాలి? ఉంచుకో అంటే అక్సా అబద్ధం రాస్తుంది. ఇచ్చెయ్ అంటే ఈవిడ చెవుల్లోంచి ఆ పేరు తీసేసినవాడినవుతాను.

ఆవిడే లేచింది. "నీ గుంట సేత అబద్ధం రాయించకూడదు. సదువుకున్న పిల్ల. నానే ఎల్లి సెప్తాను. అయితే ఒకటి. నువ్వు ఆ గోడ మీద పీత పక్కన మా ఓణ్ని గియ్యాలి. పేరు కూడా రాయాలి. పెద్ద అచ్చరాలు. ఆడు గీయనేకపోతే పోనాడు, ఆ గోడ మీద ఉండాల."

"పెద్దమ్మా, నాను ఒక్క మనిషినీ గీయనేదు ఇంతవరకు. అన్నీ పీతలే. పైగా ఇదిగో, ఎడంసెయ్యి."

"ఆడు ఎడంసేతివాటమే," అంది. అదేదో సరిపోయినట్టు.

మే 29

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్సా నేల మీద ఫొటోలు మళ్లీ పరిచి ఉంది. ఈసారి ఒకే వరుస, 2015 నుంచి ఇప్పటిదాకా, ఏడాది తర్వాత ఏడాది. మహాలక్ష్మమ్మ నిన్న కలిసిందట. ఆవిడ చెప్పిందంతా అక్సా విన్నదట. విని నమ్మేసి ఊరుకునే రకం కాదు నా కూతురు.

"కూర్చో. ఇది మొదటి ఏడాది. చెయ్యి వణికింది, ఇక్కడ ఆగింది, ఇక్కడ దిద్దింది. ఇది మూడో ఏడాది. ఆగడం తగ్గింది. ఇది ఆరోది. ఇది నిరుటిది. నేను విడివిడిగా చూసి భయం అన్నాను. వరుసలో పెట్టి చూడలేదు. దొంగకి మొదటి రోజే చెయ్యి తిరగాలి నాన్నా. దొంగ పదేళ్లు నేర్చుకోడు."

నా కుడిచెయ్యి ఒళ్లోకి తీసుకుని మడతపడని వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. నొప్పి వేసింది. వేయలేదన్నాను.

"తుఫాను తర్వాత నువ్వు గదిలో తలుపేసుకునేవాడివి. ఏడుస్తున్నావని అమ్మ నన్ను అటు వెళ్లనిచ్చేది కాదు."

"సగం ఏడుపే."

"సూరన్న మావయ్య చేత నాకు అబద్ధం చెప్పించినందుకు నిన్ను క్షమించలేదు. అది వేరే సంగతి."

"సరే."

"రెండోవాడు దొంగ అన్న మాట కొట్టేస్తాను. కానీ మొదటివాడి గీతే గొప్పది. అది కొట్టను."

కొట్టొద్దన్నాను. నిజం రాసే కూతుర్ని కన్నాను. ఎవరి పోలికో తెలియదు.

జూన్ 2

మూడు రోజులుగా అక్సా ప్రశ్నలకి నిజాలే చెబుతున్నాను. ఒళ్లు వెచ్చబడింది. ఎవాంజలిన్ థర్మామీటరు పెట్టి, "అలవాటు నేని పని కదా" అంది.

అక్సా తేల్చేసింది. నాగబాబు అధ్యాయం తీసేసింది. పీత ఎవరో హార్బరుకి తెలుసు, పేరు చెప్పడం వాళ్ల ఇష్టం అని రాస్తుంది. మాస్టారికి మాత్రం అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారట. తర్వాత, "మీ నాన్నగారు బోర్డు రాస్తారా? మా ఇంటికి కావాలి" అన్నారట.

జూన్ 9

నాగబాబు ఫొటో ఒక్కటే ఉంది. ఆధార్ కార్డుది. అందులో ఎవడైనా పోలీసులు వెతికేవాడిలాగే ఉంటాడు. వారం నుంచి అట్టల మీద గీస్తున్నాను. ముప్పై తొమ్మిది మొహాలు. ఒక్కటీ మనిషి కాలేదు.

పీత తప్పు పడితే ఎవడికీ తెలియదు. మనిషి మొహం తప్పు పడితే కన్నతల్లికి తెలుస్తుంది. ఈ మాటు నిజంగా భయం. నా కూతురు కనిపెట్టిన భయం కాదు, దానికన్నా పెద్దది.

జూన్ 14

పొద్దున్న ఆరింటికే వెళ్లాను. నిచ్చెన అక్సా పట్టుకుంది. రేపు వేటకి వెళ్లే బోట్లన్నీ కొత్త రంగులతో వరసగా ఉన్నాయి. ఐసు ఎక్కిస్తున్నారు, డీజిలు పోస్తున్నారు, అరుచుకుంటున్నారు. మహాలక్ష్మమ్మ గంప బోర్లించుకుని నా వెనకే కూర్చుంది.

మొదటి గంట కళ్లూ ముక్కూ.

"ఆ ముక్కు ఆడిది కాదు. ఆళ్ల నాన్నది."

చెరిపాను.

"ఇప్పుడు మరీ సన్నమైపోనాది. పెళ్లికొడుకులా ఉన్నాడు."

చెరిపాను. నా వెనక ఆడవాళ్లు పదిమంది అయ్యారు, ముప్పై అయ్యారు. ఒకావిడ చెవులు పెద్దవంటుంది, ఒకావిడ జుట్టు నుదుటి మీద పడేదంటుంది, ఇద్దరు నా ముందే దెబ్బలాడుకున్నారు. సూరన్న వచ్చి, "పై పన్ను కొంచెం ఇరిగి ఉండీది బావా, నా బోటు మీద పడి ఇరగ్గొట్టుకున్నాడు" అన్నాడు. నిచ్చెన పట్టుకున్న అక్సా ఒక్కసారి కింద నుంచి, "ఆగకు నాన్నా, దిద్దకు, వదిలెయ్ చెయ్యి" అంది.

వదిలేశాను.

పదింటికి సభ మొదలైంది. మైకులో మాస్టారు, కుర్చీల్లో పెద్దలు. వాళ్ల వెనకే నిచ్చెన మీద నేను. పెద్దలు గోడ ముందు నిలబడి ఫొటో దిగుతూ, "బాబూ, కాస్త పక్కకి జరుగు, అడ్డమొస్తున్నావు" అన్నారు నాతో. జరిగాను. పత్రికాయన ఒకడు నన్ను అడిగాడు, "ఈ పీత ఆర్టిస్టుని మీరెప్పుడైనా చూశారా?" ఆడవాళ్లంతా పైట చెంగులు నోట్లో కుక్కుకున్నారు. "నాను బోర్డు రాసీవోడిని బాబూ, నాకేటి తెలుస్తాది" అన్నాను.

అక్సా చదివింది. ఆ పీతలు గీసిన మనిషి బతికే ఉన్నాడని చెప్పింది. అతనికి రెండు కాలాలున్నాయని, రెండోది ఇంకా ముగియలేదని చెప్పింది. నాగబాబు పీతలు గీయలేదనీ, తనే తొందరపడి తల్లికి తప్పు చెప్పాననీ అందరి ముందూ ఒప్పుకుంది. నేను చేయించిన తప్పు అది మోసింది. నిచ్చెన మెట్టు గట్టిగా పట్టుకున్నాను.

శాలువా మాత్రం మహాలక్ష్మమ్మ పుచ్చుకోలేదు. "నాకెందుకు, ఎండగా ఉన్నాది" అంది.

పెద్దలు కార్లెక్కాక పేరు రాశాను. నాగబాబు. ఒక్కో అక్షరం జానెడు. అక్షరాల్లో నాతో పోటీకి ఈ ఊళ్లో ఇంకా ఎవడూ లేడు, ఏ చేత్తోనైనా. తర్వాత ఆఖరిగా ఆ విరిగిన పన్ను పెట్టి, పెదవి కొంచెం ఎడమ పక్కకి లాగాను. నిచ్చెన దిగాను.

ఐసు మిషను చప్పుడు ఒక్కటే.

మహాలక్ష్మమ్మ లేచింది. గోడ దగ్గరికంటా వెళ్లింది. ముట్టుకోబోయి, రంగు తడిగా ఉందని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకా దగ్గరికి వెళ్లి కళ్లు చికిలించి చూసింది. నేను చెరిపే గుడ్డ చేతిలోకి తీసుకున్నాను.

"ఒరే," అంది బొమ్మతో. "నవ్వుతావేటిరా? అన్నం పెట్టినాను, తినీసి ఎల్లరా అంటే ఇన్నావా? బోటు ఎవుడిదిరా? నీ బాబుదా? ఆ గాలిలో నీకెందుకురా? పదకొండేళ్లు. పదకొండేళ్లు నన్ను గుమ్మంలో కూకోబెట్టి, ఇక్కడ నిలబడి నవ్వుతన్నావేటిరా?"

తిట్టింది. ఊపిరి తీసుకుని మళ్లీ తిట్టింది. ఇక్కడ రాయలేనివి కూడా తిట్టింది. ఆడవాళ్లు ఎవరూ ఆపలేదు. సూరన్న ఏడ్చాడు, ఈసారి ఎవరూ చెప్పకుండానే. అక్సా నా ఎడమచెయ్యి పట్టుకుంది. రంగు దానికీ అంటుకుంది.

నా బొమ్మల్ని మెచ్చుకున్నవాళ్లు వేలమంది ఉన్నారు. నమస్కారం పెట్టినవాళ్లున్నారు, చొక్కా మీద వేసుకున్నవాళ్లున్నారు, థీసిస్ రాసినది నా ఇంట్లోనే ఉంది. కానీ నా బొమ్మని నిలబెట్టి, మనిషిని తిట్టినట్టు తిట్టినది ఆవిడ ఒక్కతే.

ఎడమచేత్తో గీశాను.